‘సెట్’తో కుస్తీ పడుతున్న బుజ్జమ్మకు

నల్లకుంట, హైదరాబాద్
ఆదివారం పొద్దున

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దబాపు ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో పంపిన వాక్యం చదివి ముందు నవ్వాను. తర్వాత, నవ్వినందుకు నాకే కష్టమనిపించింది. ఇంగ్లీషులో ఉన్న కట్టడాల కాగితాన్ని తెలుగు చేస్తూ, సెట్‌బ్యాక్ అన్నచోట ‘భవనం చుట్టూ రెండు మీటర్ల ఎదురుదెబ్బ వదలాలి’ అని రాశావట. మీ ఆఫీసులో పై ఆమె దాన్ని అందరిముందు పైకి చదివిందట. పోనీలే బిడ్డా, ఏడవకు. నువ్వు రాసింది ఊరికే పుట్టలేదు. పేపర్లలో సెట్‌బ్యాక్ అంటే ఎదురుదెబ్బే. ఇల్లు కట్టే కాగితాల్లో అదే మాట గోడకూ హద్దుకూ నడుమ వదిలే ఖాళీ జాగా. 2012లో వచ్చిన, ఇల్లు కట్టే నియమాల జీవో 168ని వల్లెవేసిన ఇంజనీరు దగ్గర్నుంచి మా గల్లీ మేస్త్రి దాకా అందరూ దాన్ని సెట్‌బ్యాక్ అనే అంటారు. అట్లాంటిచోట దాన్ని తెలుగు చేయాలని తంటాలు పడొద్దు. మొదటిసారి ‘చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా’ అని ఒక ముక్క చెప్పి, ఆ తర్వాత సెట్‌బ్యాక్ అనే రాసుకుంటూ పో. ఇల్లు కట్టుకునేవాడికి అర్థమైతే చాలు, పండితుడి మెప్పు మనకెందుకు?

ఫోన్లో అరగంట చెప్పినా సగమే అయింది. మీ పెద్దమ్మ పక్కనుంచి అన్నం చల్లారుతోందని అరుస్తుంటే ఏం చెబుతాను? అందుకే కాగితం పట్టాను. ముప్పై ఏళ్లు ప్రెస్సులో నిలబడి సీసపు అక్షరాలు ఏరినవాణ్ణి. ఇంగ్లీషులో దాన్ని టైప్ సెట్టింగ్ అంటారు. అంటే ఈ సెట్ అనే మాట నాకు అన్నం పెట్టింది.

ముందుగా ఒక సంగతి. ఈ ‘సెట్’ అనే ఇంగ్లీషు మాటతో ఓడిపోయింది నువ్వొక్కదానివే కాదు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో అన్నిటికన్నా పొడుగు పద్దు దీనిదే. ఒక్క క్రియకే 430 దాకా అర్థాలు, వాటిని వివరించడానికి దాదాపు 60,000 మాటలు. మన తెలుగులో ఒక మోస్తరు నవలంత. ఈమధ్య ‘రన్’ అనే మాట దీన్ని దాటేసింది. దాని క్రియారూపానికే 645 అర్థాలు లెక్కతేల్చారట. వాటిని బట్టీ కొడదామనుకుంటే మాత్రం నీకు పెళ్లీ కాదు, జీతమూ పెరగదు.

బట్టీ వద్దంటే మరి ఎట్లా అంటావు. నీ నోట్లోనే తాళంచెవి ఉంది. మన ‘పెట్టు’ అనే మాటను ఒక్కసారి తలుచుకో. అన్నం పెట్టు, బొట్టు పెట్టు, పేరు పెట్టు, నిప్పు పెట్టు, ముద్దు పెట్టు, పందెం పెట్టు, దుకాణం పెట్టు. కోడి గుడ్డు పెట్టింది. పిల్లాడు పేచీ పెట్టాడు. పక్కింటాయన శాపనార్థాలు పెట్టాడు. వీటికి ఎప్పుడైనా అర్థాల పట్టిక రాసుకున్నావా? పక్కనున్న మాట వినబడగానే ఇది బొట్టా, నిప్పా, పేచీనా నీకు తెలిసిపోతుంది. ఇంగ్లీషువాడికి సెట్ కూడా అంతే. వాడు సెట్ వైపు చూడడు, దాని పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తాడు.

కూర్చోవడం అన్నాను కదా, అసలు కథ అక్కడే ఉంది. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. పాత ఇంగ్లీషులోనే సిట్టన్, సెట్టన్ అని ఈ జంట ఉంది. లై, లే కూడా అట్లాంటి జంటే. ఫాల్, ఫెల్ కూడా. చెట్టు పడితే ఫాల్, చెట్టును కూలిస్తే ఫెల్. మనకూ భయపడు, భయపెట్టు, బయటపడు, బయటపెట్టు, ఇబ్బందిపడు, ఇబ్బందిపెట్టు ఉన్నాయి చూడు. ఒకటి తనకు తాను జరిగేది, ఒకటి ఇంకొకరు జరిపించేది. కాబట్టి సెట్ కనబడగానే నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇక్కడ కూర్చుంటున్నది ఏది? దాన్ని కూర్చోబెడుతున్నది ఎవరు? సగం వాక్యాలు అక్కడే విడిపోతాయి. గడియారంలో అలారం, మంచం మీద పళ్లెం, పరీక్షలో పేపరు, దుకాణంలో ధర, అన్నీ ఎవరో ఒకరు కూర్చోబెట్టినవే. తెలుగులో పుస్తకం తిరగేస్తే లోపలి పేజీలో ‘అక్షరకూర్పు’ అని ఉంటుంది చూడు, అది నేను చేసిన పని. కూర్పు, కూర్చోబెట్టు, చెవికి ఎంత దగ్గరగా ఉన్నాయో!

అయితే ఈ సూత్రం గాజుల సెట్టు దగ్గర పనికిరాదు. లాడ్ బజార్లో నువ్వు కొన్న లక్క గాజుల సెట్టు, పెద్దమ్మ ఉప్పూకారాల డబ్బాల సెట్టు, నా కట్టుడు పళ్ల సెట్టు, ఇవన్నీ ‘ఒక జట్టు’ అనే అర్థంలోవి. ఇది చాలామటుకు వేరే మాట. లాటిన్‌లో అనుచరుల గుంపును చెప్పే సెక్టా ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి, అక్కడున్న సెట్‌తో కలిసిపోయింది. లంగర్‌హౌజ్ అవతల బాపూఘాట్ దగ్గర ఈసీ వచ్చి మూసీలో కలుస్తుంది కదా, ఆ తర్వాత ఏ నీళ్లు ఏవో ఎవరు చెబుతారు? ఇదీ అట్లాగే. లెక్కల పుస్తకంలో సమితి ఈ రెండో పాయలోదే. టెన్నిస్ సెట్టు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, సెట్ అనే రాయి.

ఇంకో హెచ్చరిక. మన ఊళ్లో సెట్ అని వినిపించేదంతా సెట్ కాదు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు మొన్నటిదాకా ఉన్న ఎంసెట్ అనే పేరులోనిది కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌కు పొట్టిరూపం. సెట్విన్ కూడా అంతే, జంటనగరాల్లో ఉపాధి, శిక్షణ కోసం పెట్టిన సంస్థ పేరులోని పొడి అక్షరాలు. ఎంసెట్ కాగితం మీద రాసే రోజుల్లో ఇచ్చిన ప్రశ్నపత్రం ‘బి సెట్’ అయితే మాత్రం అది నిఖార్సైన సెట్. ఒకే హాల్లో రెండూ!

రోడ్డు మీద దొరికే పాఠాలు నిఘంటువులో దొరకవు. పాతబస్తీలో రాళ్లు పొదిగే కంసాలిని చూడు. బంగారంలో రాయి కూర్చోబెట్టడాన్ని ఇంగ్లీషులో సెట్టింగ్ అంటారు, మనం పొదగడం అంటాం. గుడ్ల మీద కోడిని కూర్చోబెట్టడాన్ని కూడా ఇంగ్లీషు పల్లెల్లో సెట్ అనే అంటారు. మనం దాన్నీ పొదగడమే అంటాం! రెండు భాషలూ ఒకదాన్నొకటి అడక్కుండా రాయికీ గుడ్డుకూ ఒకే మాట వాడాయి. ఇది తట్టిన రోజు నేను పనిలో కూర్చోలేకపోయాను, అక్షరాల అరలపెట్టె ముందు నిలబడి నాలో నేనే నవ్వుకుంటుంటే ఫోర్‌మన్ ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు.

ఇప్పుడు నీ అసలు పనికొస్తే, నువ్వు కట్టడాల కాగితాలు తెలుగు చేస్తున్నావు కాబట్టి సిమెంటు దగ్గర మరీ జాగ్రత్త. సిమెంటు సెట్ కావడం వేరు, హార్డెన్ కావడం వేరు. నీళ్లు కలిపిన సిమెంటు మెత్తదనం పోయి ఆకారం పట్టుకోవడం మొదటిది. ఆ తర్వాత రోజుల తరబడి బలం పుంజుకోవడం రెండోది. మన దేశపు ప్రమాణాల ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాల లోపల పట్టడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా పట్టేయాలి. బలం మాత్రం 28 రోజులకు పరీక్షిస్తారు. నువ్వు రెండింటికీ ‘గట్టిపడటం’ అని రాశావనుకో, పది గంటల్లో గట్టిపడిందట కదా అని ఎవడో తెల్లారేసరికి స్లాబు కింది చెక్కలు పీకేస్తాడు. మేస్త్రిని అడిగితే ‘పట్టుకుంది’ అంటాడు, లేదా ‘సెట్టయింది’ అంటాడు. ఆ రెంటిలో ఏది రాసినా తప్పులేదు. పెరుగు అయితే తోడుకుంటుంది. పొద్దు అయితే గూకుతుంది. విరిగిన ఎముక అయితే సరిచేసి కట్టు కడతారు. మన గోడల మీద కనిపించే పుత్తూరు కట్టు బోర్డు చూసినప్పుడల్లా, ఇంగ్లీషులో బోన్ సెట్టర్ అంటే ఈయనే అని గుర్తుపెట్టుకో. వడ్రంగి రంపం పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచుతాడే, దానికీ ఇంగ్లీషులో సెట్ అనే పేరు. ఇన్నిటికి ఒకే తెలుగు మాట వెతకడం అంటే అందరి కాళ్లకూ ఒకే చెప్పు కుట్టడం.

సెట్ తర్వాత వచ్చే చిన్న మాటను ఎప్పుడూ తక్కువగా చూడొద్దు. నేను చూశాను, పాపం మూటగట్టుకున్నాను. ప్రెస్సుకు కరపత్రం అచ్చు వేయించడానికి వచ్చిన ఒక రైతు, చేతిలో ఉన్న ఇంగ్లీషు తీర్పు కాగితం చూపించి ఏముందో చెప్పమన్నాడు. కింది కోర్టులో ఆయనకు అనుకూలంగా వచ్చిన డిక్రీని పై జిల్లా కోర్టు సెట్ అసైడ్ చేసిందని ఉంది. నేను పెద్ద మొనగాణ్ణి కదా, ‘పక్కన పెట్టారంటయ్యా’ అన్నాను. పక్కన పెట్టారంటే మళ్లీ తీస్తారనుకుని ఆయన ఊరికి పోయాడు. సెట్ అసైడ్ అంటే రద్దు చేయడం. హైకోర్టుకు అప్పీలు చేసుకోవడానికి 90 రోజుల గడువు. ఆయన తిరిగొచ్చేసరికి అది దాటిపోయింది, ఆలస్యాన్ని మన్నించమని వేరే అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఇంతకీ అదే సెట్ అసైడ్ ఇంటి ఖర్చుల్లో వస్తే నిజంగానే పక్కన పెట్టడం, నెలనెలా కొంత డబ్బు తీసి దాచడం. వంటలో వస్తే గిన్నె దించి పక్కన పెట్టడం. కోర్టు గడప తొక్కినప్పుడు మాత్రం దాని మొహం మారిపోతుంది.

సెట్ ఆఫ్ అంతకన్నా మాయలాడి. ప్రయాణంలో బయల్దేరడం. దీపావళికి టపాకాయ కాల్చడం. ఆదాయపు పన్ను కాగితాల్లో ఒకచోటి నష్టాన్ని ఇంకోచోటి లాభంలోంచి తగ్గించుకోవడం. సివిల్ దావాలో ఇటు బాకీకి అటు బాకీ చెల్లువేసుకోవడం. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు అందం తెచ్చిందనడానికీ అదే. మా ప్రెస్సులో ఇంకొకటుంది: అచ్చయిన షీట్లు ఆరకముందే దొంతరగా పేరిస్తే, కింది షీటు సిరా పై షీటు వెనక అంటుకుని అక్కడ దయ్యం నీడ పడుతుంది. అది సెట్ ఆఫ్. ఆ తప్పు జరిగిన రోజు జీతంలో కోత. రెండు మాటలూ తిరగేసి ఆఫ్‌సెట్ అంటే మళ్లీ వేరే లోకం: ప్లేటు మీది బొమ్మ ముందు రబ్బరు బ్లాంకెట్ మీదికి, దాని మీదనుంచి కాగితం మీదికి పోతుంది. ఆ మిషన్ వచ్చాకే మా సీసపు అక్షరాలు తూకానికి అమ్ముడుపోయాయి. ఆ సంగతి ఇక్కడ వద్దులే.

పనికొచ్చే పద్ధతి ఒకటి చెబుతాను. ఒక రెండొందల పేజీల నోటు పుస్తకం కొను. అందులో అర్థాలు రాయకు, వాక్యాలు రాయి. పొద్దున ఇంగ్లీషు పేపర్లో సెట్ ఎక్కడ కనబడితే అక్కడ వాక్యం మొత్తం దించు. పక్కన, నీ అమ్మతో మాట్లాడుతున్నట్టు ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పి, ఆ చెప్పిందే రాయి. ‘ఋతుపవనాలు సెట్ ఇన్ అయ్యాయి’ అని ఉంటే నువ్వు అమ్మతో ‘వానలు మొదలైనయే’ అంటావు. ‘ప్రభుత్వం పన్ను తగ్గించడానికి సెట్ అయింది’ అనవు, ‘తగ్గిస్తరంట’ అంటావు. ‘కథ హైదరాబాదులో సెట్ చేయబడింది’ అని మీవాళ్లు రాస్తున్నారు, నా ఒళ్లు మండుతుంది. కథ హైదరాబాదులో జరుగుతుంది, అంతే! నెల తిరిగేసరికి వంద వాక్యాలు పోగవుతాయి. అప్పుడు నిఘంటువు తెరువు. నీ వాక్యాలకు అందులో ఇళ్లు దొరుకుతుంటే అదొక సరదా. ముందే తెరిస్తే నిద్ర వస్తుంది.

అనుమానం వస్తే ఆ పని చేసే మనిషిని అడుగు. సిగ్గుపడకు. కట్టడం మాటకు మేస్త్రి, తీర్పు మాటకు వకీలు గుమాస్తా. వకీలు కన్నా గుమాస్తా తొందరగా చెబుతాడు, చాయ్ తాగిస్తే ఇంకా తొందరగా.

ఇంకొకటి మర్చిపోయాను. తెలుగులోకి వచ్చాక సెట్ మనదైపోయింది, దాన్ని తిరిగి ఇంగ్లీషు చేసేటప్పుడు కూడా జారిపడతావు. ‘ఆ ఆఫీసులో నాకు సెట్టింగ్ ఉంది’ అనే మాటను ఇంగ్లీషులో సెట్టింగ్ అని పెడితే తెల్లవాడు కుర్చీలు, బల్లల గురించి అనుకుంటాడు. ‘ఆ సంబంధం సెట్ అయింది’, ‘సినిమా సెట్స్ మీదికి వెళ్లింది’, పొద్దున నువ్వు తినే సెట్ దోశ, వీటిలో సినిమాది తప్ప మిగతావి అక్కడివాళ్లకు తిన్నగా అర్థం కావు. నీ నోటు పుస్తకం వెనక పేజీలు వీటికి ఉంచు.

వచ్చే ఆదివారం పది గంటలకు అబిడ్స్‌కు రా. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, విద్యార్థుల కోసం వేసిన నిఘంటువు ఒకటి, ఉదాహరణ వాక్యాలు దండిగా ఉన్నది, ఏరి కొనిస్తాను. బేరం నేనాడతాను, నువ్వు పుస్తకం నచ్చినట్టు మొహం పెట్టకు. అప్పటికి నోటు పుస్తకంలో కనీసం పాతిక వాక్యాలు ఉండాలి. అమ్మానాన్నలకు మా దీవెనలు చెప్పు. పెద్దమ్మ నీకోసం గోంగూర పచ్చడి సీసాలో పెట్టింది, సంచీ తెచ్చుకో.

ఇట్లు
మీ పెద్దబాపు