2.5డీ గేమ్‌లో ఆ సగం డైమెన్షన్ ఎక్కడుంటుంది?

పాత్రలన్నీ 3డీ మోడళ్లే అయినా ఎడమకూ కుడికీ, పైకీ కిందికీ మాత్రమే కదిలే గేమ్‌ను 2.5డీ అని ఎందుకంటారని, అలాంటి గేమ్‌కు ఏ ఫిజిక్స్ ఎంచుకోవాలని మీరు అడిగారు. కొన్నేళ్లుగా తీరిక వేళల్లో చిన్న గేమ్‌లు తయారుచేస్తున్నాను కనుక, నాకు ఈ విషయం అర్థమైన క్రమంలోనే చెబుతాను.

డైమెన్షన్‌కు తెలుగులో వాడే 'పరిమాణం' అనే మాటకు సైజు అనే అర్థం కూడా ఉండటం వల్ల మొదట్లోనే కొంత గందరగోళం ఏర్పడుతుంది. ఇక్కడ డైమెన్షన్ల సంఖ్య అంటే, ఒక వస్తువు ఎక్కడుందో చెప్పడానికి ఎన్ని స్వతంత్రమైన సంఖ్యలు కావాలో ఆ లెక్క. తెర ఎప్పుడూ చదునుగానే ఉంటుంది కాబట్టి దాన్ని చూసి ఈ లెక్క తేల్చలేం. బొమ్మను గీసే భాగం ఎన్ని సంఖ్యలు వాడుతోంది, పడటాన్నీ ఢీకొనటాన్నీ లెక్కగట్టే భాగం, అంటే ఫిజిక్స్, ఎన్ని వాడుతోంది అని విడివిడిగా అడగాలి. 1994 నాటి డాంకీ కాంగ్ కంట్రీలో పాత్రలను 3డీ మోడళ్లుగా రూపొందించి, వాటి నుంచి తీసిన చదునైన బొమ్మలను గేమ్‌లో వాడారు. 2008లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 4 అసలైన 3డీ మోడళ్లనే గీస్తుంది, కాని పోరాటమంతా ఒకే తలం మీద సాగుతుంది.

ఈ తేడాను నాకు నేర్పింది 1993 నాటి తుపాకీ పోరాట గేమ్ డూమ్. అందులో ఒకసారి ఎత్తైన గట్టు అంచు నుంచి కిందికి దిగబోతే, కనిపించని గోడ అడ్డుపడినట్టుగా నా పాత్ర అక్కడే ఆగిపోయింది. గట్టును ఆనుకుని కింద ఒక రాక్షసుడు నిలబడి ఉన్నాడు. అతడి తల నా పాదాలకు చాలా దిగువన ఉన్నా, నేను అతడి మీదుగా గాలిలోకి అడుగు వేయలేకపోయాను. 1997లో ఆ గేమ్ సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామును) అందరికీ విడుదల చేశారు కనుక కారణం ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు. మ్యాపు కాగితం మీద గీసినట్టు చదునైన గీతలతో ఉంటుంది; ప్రతి భాగానికీ నేల ఎత్తు ఒకటి, పైకప్పు ఎత్తు ఒకటి మాత్రమే ఉంటాయి కాబట్టి ఒక గది మీద మరో గది కట్టడం కుదరదు. అయితే ఎత్తు వట్టి కనికట్టు కాదు: పాత్ర పడేటప్పుడు నిలువు వేగాన్ని లెక్కిస్తారు, నిప్పు బంతి తల మీదుగా పోయిందా లేదా అన్నదీ చూస్తారు. ఒక శరీరం మరో శరీరానికి అడ్డుపడుతుందా అని చూసేటప్పుడు మాత్రం ఎత్తును వదిలేసి, ఇద్దరినీ అంతులేని స్తంభాలుగా భావిస్తారు. పేలుడు దూరాన్ని కొలిచేటప్పుడూ అంతే. అందుకే, డూమ్ 3డీ కాదని ఒక్క మాటలో తేల్చేసేవారితో నేను ఏకీభవించను. మూడో సంఖ్య అక్కడ ఉంది, కొన్ని నియమాలు దాన్ని చదువుతాయి, కొన్ని చదవవు. ఆ 'సగం' ఉండేది అక్కడే.

స్థానం కన్నా భ్రమణంలో తేడా ఇంకా పెద్దది. నేను బొంగరం ఆటను పక్క నుంచి కనిపించేలా 2డీ ఫిజిక్స్‌తో చేయబోయాను. ఎంత విసిరినా బొంగరం మేకు మీద నిలవకుండా పక్కకు ఒరిగిపోయేది. చదునైన లోకంలో తిరగడానికి తెరకు లంబంగా ఉండే ఒకే ఒక అక్షం ఉంటుంది, ఒరగడం కూడా ఆ అక్షం మీదే జరగాలి. బొంగరానికి తన చుట్టూ తాను తిరగడం ఒకటి, ఒరిగిన అక్షం నెమ్మదిగా వృత్తం గీయడం మరొకటి కావాలి. తిప్పబోతే వస్తువు ఎంత మొరాయిస్తుందో చెప్పే జడత్వ భ్రామకం 2డీలో ఒక్క సంఖ్యతో సరిపోతుంది, 3డీలో మూడు వరుసల, మూడు నిలువుల పట్టిక కావాలి. చివరికి ఆ ఆటను 3డీలోకి మార్చి, గైరోస్కోపిక్ ప్రభావాన్ని (గిరగిరా తిరిగే వస్తువు పడిపోకుండా తన అక్షాన్నే నెమ్మదిగా తిప్పుకోవడాన్ని) నేనే కోడ్‌లో రాసుకోవలసి వచ్చింది.

షేడర్లలో, అంటే బొమ్మను తెర మీద గీసే చిన్న ప్రోగ్రాముల్లో, ప్రతి బిందువుకూ నాలుగు సంఖ్యలు కనిపిస్తాయి గాని, అది నాలుగో డైమెన్షన్ కాదు. జరపడాన్ని కూడా మాత్రిక (సంఖ్యల పట్టిక) గుణకారంలో ఇమిడ్చడానికి, దూరపు వస్తువులను చిన్నవిగా చూపే భాగహారానికి ఆ నాలుగో సంఖ్య ఉపయోగపడుతుంది.

మీ గేమ్‌కు నేను 2డీ ఫిజిక్స్‌నే సూచిస్తాను. 2009లో వచ్చిన యాంగ్రీ బర్డ్స్ బాక్స్2డీ అనే 2డీ ఫిజిక్స్ లైబ్రరీ మీదే నడిచింది. మూడో సంఖ్యను కెమెరాకూ నేపథ్యానికీ వదిలేయండి. గేమ్‌లు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్లయితే, అందులో 2డీకీ 3డీకీ వేర్వేరు ఫిజిక్స్ వ్యవస్థలున్నాయని, ఒకదాని కొలైడర్ (ఢీకొనడాన్ని గుర్తించడానికి వస్తువుకు తగిలించే కనిపించని ఆకారం) మరొకదానికి తగలదని గుర్తుంచుకోండి. నేను నేలకు 2డీ కొలైడర్, బంతికి 3డీ కొలైడర్ పెట్టి, బంతి నేలలోంచి ఎందుకు జారిపోతోందో తెలియక ఒక సాయంత్రమంతా వెతికాను. మీ పాత్రలు ఎక్కడైనా తెర లోపలికి ఒరగాల్సిన అవసరం ఉంటే మాత్రం, మొదటి నుంచే 3డీ ఫిజిక్స్ తీసుకుని, లోతు వైపు కదలికను బంధించి పెట్టండి.