రెండో తరగతి పిల్లల చదువు గురించి మేనకోడలికి

అమ్మాయ్,

నీ క్లాసులో పిల్లలు ధారాళంగా చదవడం లేదని, తనిఖీకి వస్తారంటే టెన్షన్‌గా ఉందని మొన్న ఫోన్‌లో చెప్పావు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లెక్క నీకు కంఠతా వచ్చే ఉంటుంది: రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60. అయితే ఆ పిల్లలు తెలియని పాఠాన్ని అర్థం చేసుకుంటూ చదవాలని కూడా అందులోనే ఉంది. హడావిడిలో అందరూ వదిలేసేది దాన్నే.

మొదటి పాఠం గడగడా అప్పజెప్పే పిల్లాణ్ణి చూసి మురిసిపోకు. వేలు ఒక లైన్లో ఉంటే నోరు ఇంకో లైన్లో ఉంటుంది. ఎప్పుడూ చూడని పేరా ఇచ్చి చూడు, సంగతి తెలుస్తుంది.

తడబడే పిల్ల పక్కన కాసేపు కూర్చో. "చెప్పులు" దగ్గర ఆగుతుంది. "చె... పు... పుకి ప వత్తు... ప్పు... లు" అంటుంది. ఈలోగా ఆ చెప్పులు ఎవరివో మర్చిపోతుంది. 1974లో లాబెర్జ్, శామ్యూల్స్ అనే అమెరికన్ పరిశోధకులు చెప్పింది ఇదే. ధ్యాసంతా అక్షరాలు పోల్చుకోవడానికే సరిపోతే అర్థానికి ఏమీ మిగలదు. ఆ పిల్లను "తొందరగా చదువు" అని గదమాయించి లాభం లేదు. రోజూ పది నిమిషాలు అక్క, చెట్టు, కొమ్మ, పువ్వు లాంటి వత్తుల మాటలు చూడగానే చదివేలా చేయించు. వేగం దానంతటదే వస్తుంది.

ఆ తర్వాత ఐదారు వాక్యాల పేరా తీసుకో. ముందు నువ్వు చదువు, పిల్లలు వేలు పెట్టి అనుసరించాలి. తర్వాత నీతో కలిసి, ఆపైన ఇద్దరిద్దరుగా చదవాలి. మర్నాడు మళ్లీ అదే పేరా. విసుగనుకోకు, శామ్యూల్స్ 1979లో ఈ పద్ధతి గురించే రాశాడు. ఎక్కడ ఆగాలో పెన్సిల్‌తో గీత పెట్టు: "అమ్మ సంతకెళ్లి / మామిడిపళ్లు తెచ్చింది." "అమ్మ సంతకెళ్లి మామిడి" దాకా చదివి ఊపిరి తీసుకున్న పిల్లకు వాక్యం అందలేదని అర్థం. చివర్లో ఒక్క ప్రశ్న అడుగు: అమ్మ ఏం తెచ్చింది?

నిమిషానికి ఎన్ని పదాలో లెక్కపెట్టేటప్పుడు ఇంకో సంగతి. మన తెలుగులో "వెళ్లిపోయినవాళ్లందరూ" ఒక పదమే, "మా ఆవు" రెండు పదాలు. పేరా మారితే అంకె మారుతుంది. పోయిన నెల 50 చదివిన పిల్ల ఈ నెల 42 చదివితే కంగారుపడకు, ముందు పేరా చూడు.

నత్తి ఉన్న పిల్లలకు మాత్రం గడియారం పెట్టకు. వాళ్లకు మాట ఆగుతుంది గానీ చదువు ఆగదు. అందరి ముందూ నిలబెట్టకుండా మనసులో చదువుకోనిచ్చి, తీరిగ్గా పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడుగు. జవాబు మధ్యలో నువ్వు అందించకు, వాళ్లనే పూర్తి చేయనివ్వు.

ఆశీస్సులతో,
అత్తయ్య