గవర్నరు నియామకం, మా నాన్నగారు కొనలేకపోయిన ఎకరంన్నర

గవర్నరుకు మనం ఓటు వేయం కదా, మరి ఆయనను ఎవరు ఎంపిక చేస్తారు, ఎంతకాలం ఉంటారు, ఒడిశాలోని రాయగడలో బతికే మనకు ఆయనతో పనేమిటి అని మీరు అడిగారు. మూడో ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే ఉంది.

ముందు నియామకం సంగతి. రాజ్యాంగం 155వ అధికరణం ప్రకారం గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. ఆచరణలో అది కేంద్ర ప్రభుత్వ నిర్ణయం. భారత పౌరులై 35 ఏళ్లు నిండినవారు అర్హులు. పదవీకాలం 5 ఏళ్లని ఉన్నా, రాష్ట్రపతి అభీష్టం ఉన్నంతవరకే కొనసాగుతారు. అయితే కేంద్రంలో ప్రభుత్వం మారిందన్న ఒక్క కారణంతో తొలగించడం చెల్లదని సుప్రీంకోర్టు 2010లో తీర్పు చెప్పింది. రాజ్యాంగ ముసాయిదా రాసేటప్పుడు గవర్నరును ప్రజలే ఎన్నుకోవాలన్న ఆలోచన కూడా ఉండేది కానీ, ముఖ్యమంత్రికీ ఆయనకూ పోటీ ఏర్పడుతుందన్న భయంతో 1949లో రాజ్యాంగ సభ దానిని వదులుకుంది. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. సాధారణంగా వేరే రాష్ట్రం వారినే పంపుతారు: మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా వెళ్లారు. 2025 జనవరిలో కంభంపాటి హరిబాబు గారు ఒడిశాకు వచ్చారు.

ఇక మా సంగతి. 2004లో మా నాన్నగారు రాయగడకు దగ్గరలోని ఒక పల్లెలో ఎకరంన్నర మెట్ట కొనాలని కోదు తెగకు చెందిన ఒక గిరిజన రైతుకు పన్నెండు వేలు బయానా ఇచ్చారు. మధ్యవర్తి అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. రిజిస్ట్రేషనుకు వెళ్తే, కిటికీ అవతలి గుమాస్తా పట్టా కాగితంలో కులం రాసిన చోట వేలు పెట్టి, కాగితాలు వెనక్కి తోసేశాడు. బయట వేపచెట్టు కింద కూర్చున్న దస్తావేజు లేఖరి మాకు ఒక నలిగిన ఒడియా పుస్తకం తెరిచి చూపించారు. అది 1956 నాటి 2వ రెగ్యులేషన్. శాసనసభ చేసిన చట్టం కాదు; రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు ఇచ్చిన అధికారంతో గవర్నరు పేరున వెలువడినది. గిరిజనుల రక్షణ కోసం ప్రత్యేకంగా ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి బదిలీని నిషేధించే, పరిమితం చేసే ఇటువంటి నిబంధనలను గిరిజన సలహా మండలిని సంప్రదించి గవర్నరు చేయవచ్చు. రాష్ట్రపతి ఆమోదం లభించాకే అవి అమలులోకి వస్తాయి. మొదట్లో అధికారి అనుమతి ఉంటే గిరిజనేతరులకు అమ్మే వీలుండేది. 2002 సవరణ దానినీ మూసివేసింది. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతమే కనుక మా బేరం మొదటి రోజే చెల్లనిది.

మధ్యవర్తి కమీషనుతో సహా కనిపించకుండా పోయాడు. ఆ రైతు మాత్రం రెండు పంటల మీద బయానా మొత్తం తెచ్చి ఇచ్చాడు. నాన్నగారికి చాలాకాలం కోపం తగ్గలేదు. కూతురి పెళ్లి అప్పు తీర్చడానికే అతను ఆ చేను బేరం పెట్టాడని తరువాత తెలిసినప్పుడు, ఆ నిబంధన ఎవరి కోసం పుట్టిందో నాకు అర్థమైంది. ఇప్పుడు అందులో అతని కొడుకులు చోడి, కంది పండిస్తున్నారు.

గవర్నరు ఈ షెడ్యూల్డు ప్రాంతాల పాలనపై ఏటా రాష్ట్రపతికి నివేదిక కూడా పంపాలి. మీరు ఇక్కడ భూమి కొనే ఆలోచనతోనే ఈ ప్రశ్న అడిగి ఉంటే, బయానా ఇచ్చే ముందే పట్టాలో కులం ఏమని రాసి ఉందో చూసుకోండి.