హాలియా పొలానికి నాచు ఎరువు: మా బిడ్డకు రాసిన ఉత్తరం

బిడ్డా,

వానాకాలం వరికి నాచు ఎరువు వేద్దామనుకుంటున్నావట, మంచిదే. కానీ ఇది వేస్తే యూరియాతో పనే లేదని ఎవరన్నా చెబితే నమ్మకు. నీలి ఆకుపచ్చ నాచు బాగా పడితే ఒక పంటకు హెక్టారుకు 25 కిలోల దాకా నత్రజని ఇస్తుంది. ఎకరానికి 10 కిలోలు, అంటే దాదాపు అర బస్తా యూరియా. ముందు ఒక్క ఎకరంలోనే చూడు.

మడిలో కనిపించే పాచి అంతా ఎరువు కాదు. నీళ్ల మీద తేలుతూ, చేత్తో తీస్తే వేళ్ల మధ్య జారిపోయే పచ్చటి పోగులు స్పైరోగైరా రకం. గాలిలోని నత్రజని పట్టడం వాటి చేతకాదు, పైగా లేత నాటును కప్పేస్తాయి. మనకు కావాల్సినవి నోస్టాక్, అనబీనా, టోలిపోత్రిక్స్, ఆలోసిరా అనే నీలి ఆకుపచ్చ నాచులు. ఇవి మట్టికి అంటుకుని ముదురు రంగు జిగట పొరగా ఉంటాయి, ఎండితే పెచ్చులుగా లేస్తాయి. చెరువులో పచ్చ పెయింట్ పోసినట్టు తేలేది మాత్రం మైక్రోసిస్టిస్ అనే నాచు కావచ్చు. దాని జోలికి పోకు, బర్రెలను ఆ నీళ్లు తాగనివ్వకు. విషం ఉండొచ్చు.

నాచును ముందు గుంతలో పెంచుకోవాలి, ఆ పనికి ఏప్రిల్, మే ఎండలు బాగుంటాయి. నీడ పడని చోట రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, జానెడు లోతు తవ్వి పాలిథీన్ పట్టా పరువు. జల్లించిన మట్టి 10 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 200 గ్రాములు కలిపి వేసి, నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పెట్టు. మట్టి అడుగుకు దిగి నీళ్లు తేటపడ్డాకే విత్తనం నాచు పైన చల్లు. తొందరపడి బురదనీళ్లలో చల్లితే ఎండ తగలక పెరగదు. మన ఎండలకు నీళ్లు ఇట్టే ఆవిరైపోతాయి, రోజూ సాయంత్రం చూసి పోస్తుండు. దోమ పిల్లలు, నత్తలు నాచును తినేస్తాయి. వాటికి మందు ఎంత వేయాలో, విత్తనం నాచు ఎక్కడ దొరుకుతుందో కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో అడుగు. రెండు వారాలకు పొర మందంగా కడుతుంది. అప్పుడు నీళ్లు ఆపి ఎండనిచ్చి, పెచ్చులు ఏరి సంచిలో కట్టు.

ఎండిన పెచ్చుల్లో ప్రాణం ఉంటుందా అని అడిగావు. బీజెడ్‌సీ చదివిన దానివి, అకైనీట్లు మరిచిపోయావా? ఈ నాచులో ఆడ, మగ లేవు. తడి ఉన్నన్నాళ్లు పోగు ముక్కలై, ప్రతి ముక్కా కొత్త పోగవుతుంది. తడి ఆరేసరికి కొన్ని కణాలు తిండి దాచుకుని, గోడ మందం చేసుకుని నిద్రపోతాయి, అవే అకైనీట్లు. మళ్లీ నీళ్లు తగిలితే లేస్తాయి. అందుకే సంచికి చెమ్మ తగలనివ్వకు.

నత్రజని పట్టే పని హెటిరోసిస్టు కణాలది. నత్రజని పట్టే ఎంజైముకు ఆక్సిజన్ గిట్టదు, కాబట్టి వాటి గోడ కూడా మందమే. నీళ్లలో యూరియా దండిగా ఉంటే నాచు ఆ కణాలను తయారుచేయడమే మానేస్తుంది. నాచు చల్లిన వారంలోనే యూరియా గుమ్మరించావంటే రెండు ఖర్చులూ నీవే.

నాటేసిన వారం, పది రోజులకు ఎకరానికి నాలుగు కిలోల పెచ్చులు చల్లు. ఆ తర్వాత కొన్నాళ్లు మడి ఆరనివ్వకు. పాచి పట్టిందని పక్క రైతులు నీళ్లు పారే చోట మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) మూట కడతారు. అది మన నాచునూ చంపుతుంది. నీ మడికి నీళ్లు ఎవరి మడి మీదుగా వస్తాయో వాళ్లతో ముందే మాట్లాడుకో, తర్వాత తగాదాలొద్దు.

వరి పొలాల్లో ఈ నాచు నత్రజని పడుతుందని శాస్త్రవేత్త పి.కె. డే 1939లోనే చూపించాడు. ఉత్తరాది చౌడు నేలలను గెట్లు వేసి, వాననీళ్లు ఆపి, ఈ నాచుతో బాగుచేయొచ్చని ఇంకో శాస్త్రవేత్త ఆర్.ఎన్. సింగ్ 1950లో రాశాడు. మీ కాలువ చివరి చౌడు చెక్కలోనూ ఒక పంట చల్లి చూడు. కానీ ఒక్క ఏడాదిలో మారేది కాదది.

స్పైరులినా తొట్లు కట్టండి, లక్షలొస్తాయి అని ఫోన్లు వస్తున్నాయన్నావు. అది నీలి ఆకుపచ్చ నాచే గానీ నత్రజని పట్టదు, పొలానికి పనికిరాదు. అమ్ముకోవడానికైతే, కొనేవాళ్లెవరో తేలేదాకా రూపాయి పెట్టకు.

కోతలప్పుడు ఆ ఎకరం వడ్లు విడిగా తూకం వేయించు. యూరియా ఎంత తగ్గించావో కూడా పక్కనే రాసిపెట్టు, మీ ఆయనకు లెక్క చూపించాలిగా.

మీ పెద్దనాయిన