డ్రమ్ము నిండేలోపు

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నువ్వు పంపిన రెండు పేజీలూ చదివాను. అక్క పెట్టె పట్టుకుని పుట్టింటి గడపలో నిలబడుతుంది. తండ్రి పేపరు చదువుకుంటూ తల ఎత్తడు. కథ అక్కడ ఆగిపోయింది. "నాలుగు నెలలుగా రాయాలనే ఉంది మేడమ్, కూర్చోబుద్ధి కావడం లేదు. నాకు బద్ధకం ఎక్కువ" అన్నావు.

ఆ మాట నేను నమ్మనమ్మా. ఈ నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా ఆఫీసు మానలేదని నువ్వే రాశావు. అమ్మకు కంటి ఆపరేషన్ చేయించావు, పుస్తకాల బీరువా రెండుసార్లు సర్దావు. బద్ధకస్తులు ఇన్ని పనులు చేయరు. ఒక్క రాత దగ్గరే కాలు వెనక్కి పడుతోందంటే అక్కడ ఏదో భయం ఉన్నట్టు. దానికి బద్ధకమని పేరు పెట్టి నిన్ను నువ్వు తిట్టుకుంటూ కూర్చుంటే ఆ భయం ఉన్నచోటే ఉండిపోతుంది.

మా నాన్న మీద కథ రాయాలని నేను తొమ్మిదేళ్ళు తిరిగాను. ఈలోగా వేరే కథలు చాలానే రాశాను. ఆ ఒక్కటి మొదలుపెడదామనుకోగానే పప్పుల డబ్బాలు కడిగి ఎండబెట్టాలని గుర్తొచ్చేది. తప్పించుకోవాలనుకున్నప్పుడు మనసు మనకు చెడ్డ పని చూపించదు, మంచి పనే చూపిస్తుంది. ఇంకో పుస్తకం చదివి మొదలుపెడదాం అంటుంది. పండగ వెళ్ళనీ అంటుంది. అందుకే పట్టుకోవడం కష్టం.

అప్పట్లో మాకు కుళాయి పొద్దున ఐదున్నరకు వచ్చేది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నిండడానికి ఇరవై నిమిషాలు. పైపు జారిపోతుంది కాబట్టి పక్కనే ఉండాలి. ఒకరోజు చేతిలో పాల లెక్క రాసే నోటుబుక్కు ఉంది. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, నాన్న గురించి రాసే ధైర్యం లేక, ఆయన సైకిలు గురించి ఒక వాక్యం రాశాను. స్టాండు వేశాక నాన్న ఎడమచేత్తో సీటును ఒకసారి తట్టేవాడని. అది రాయగానే సీటు మీది చిరుగు గుర్తొచ్చింది, వానాకాలం దానికి కట్టే పాలిథిన్ కవరు గుర్తొచ్చింది. ఇంతలో నీళ్ళ చప్పుడు మారింది. అంచుదాకా వస్తున్నకొద్దీ ఆ చప్పుడు సన్నబడుతుంది. వాక్యం మధ్యలోనే వదిలేసి లేచాను. ఆ రోజు కూరకు తిరగమోత పెడుతున్నా ఆ మిగిలిన సగం వాక్యం నోట్లోనే నానుతోంది. మర్నాడు ఐదింటికే మెలకువ వచ్చింది.

రాయబుద్ధి అయ్యాక కూర్చుందామని నేను ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. అది కూర్చున్నాక గానీ రాదు. మొదటి ఐదు నిమిషాలు మాత్రం నాకు ఇప్పటికీ కష్టమే. కార్తీకమాసంలో తెల్లవారుజామున తలమీద మొదటి చెంబు పోసుకోవడం ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా. రెండో చెంబుకు అంత వణుకు ఉండదు.

నువ్వు వీలు చూసుకుని రాస్తానన్నావు. వీలు దానంతటది రాదు. రాత్రి అన్నం తిని, కంచం కడిగి, వంటింట్లోనే ఓ పావుగంట అని ఖాయం చేసుకో. ఫోను వేరే గదిలో పెట్టు. ఇన్ని పేజీలు రాయాలని లెక్క పెట్టుకోకు. నిజంగా ఒళ్ళు అలిసిన రోజు పడుకో. అలసట నిద్రతో పోతుంది. నిద్ర లేచాక కూడా పోకపోతే అది అలసట కాదు.

ఇంకో మాట. ఆ తండ్రి మీ నాన్నగారేనా అని నేను అడగను. చదివితే ఇంట్లో ఏమనుకుంటారోనన్న టెన్షన్ ఉందేమో. రాయడం వేరు, అచ్చుకివ్వడం వేరు. నాన్న కథ రెండేళ్ళు ట్రంకుపెట్టెలోనే ఉంది. ముందు అమ్మ చదివింది, తర్వాతే పత్రికకు పంపాను.

రాసినదాన్ని మళ్ళీ ముట్టుకోవడానికీ చేయి రాదు, ఇది నీకు ముందు ముందు తెలుస్తుంది. మా ఊళ్ళో గురజాడవారి ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. 'కన్యాశుల్కం' 1892లోనే ఆడారు, జనం మెచ్చారు. 1897లో అచ్చయింది. ఇక చాలనుకోవచ్చు. ఆయన మళ్ళీ కూర్చుని దాదాపు కొత్త నాటకమే రాశారు. అది 1909లో వచ్చింది. మనం ఇవాళ చెప్పుకునే మధురవాణి మొదటి కూర్పులో ఇంత పెద్ద పాత్ర కాదు. ఆయన మళ్ళీ కూర్చోకపోతే మనకు ఈ మధురవాణి దొరికేది కాదు కదా అనుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

నీకు దాని గురించి ఇప్పుడే బెంగ అక్కర్లేదు. ఆ అక్క నాలుగు నెలలుగా గడపలోనే ఉంది, చేతిలో పెట్టె కూడా దింపలేదు. రేపు రాత్రి కూర్చుని ఆ పెట్టె కింద పెట్టించు. తండ్రి తల ఎత్తుతాడా లేదా అన్నది ఇప్పుడే తేల్చకు. ఆ పెట్టె రంగేమిటి, పిడి ఊడిందా, తాడుతో కట్టిందా, అంతవరకే రాయి. ఆ కాగితం కొట్టివేతలతో సహా నాకు పోస్టు చెయ్యి. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మేడమ్