కల్తీ కేసు నిలబడాలంటే కెమిస్ట్రీ ఒక్కటే సరిపోదు

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కల్తీ ఆహారంపై అమెరికా ప్రభుత్వం 1906 చట్టంతో తీసుకున్న తొలి చర్యల గురించి సెమినార్ కోసం చదివాక, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ కావాలనిపించింది. ఎమ్మెస్సీ చేయాలా, లా చదవాలా? అది సీసాలు పట్టుకుని తిరిగే ఉద్యోగమని నాన్నగారు అంటున్నారు.
- ఒక విద్యార్థిని, తెనాలి

సమాధానం: ముందుగా అర్హత సంగతి చూద్దాం. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం ఈ పోస్టుకు ఫుడ్ టెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వంటి సబ్జెక్టుల్లో డిగ్రీ సరిపోతుంది గానీ, కెమిస్ట్రీ వారు మాత్రం పీజీ చేసి ఉండాలి. కాబట్టి మీకు ఎమ్మెస్సీ తప్పదు. అయినా న్యాయశాస్త్రాన్ని పక్కన పెట్టవద్దు. ఈ మాటకు మీరు చదివిన చరిత్రలోనే ఆధారం ఉంది.

1906 చట్టం అమలులో కీలకపాత్ర వ్యవసాయ శాఖలోని బ్యూరో ఆఫ్ కెమిస్ట్రీది. దాని అధిపతి హార్వీ వైలీ, 1902 నుంచే యువ వాలంటీర్లకు ఆహారం పాడవకుండా వాడే బోరాక్స్ వంటి పదార్థాలు కలిపిన భోజనం పెట్టి, వాటి ప్రభావాన్ని పరిశీలించిన రసాయన శాస్త్రవేత్త. అంతటి ప్రయోగశాల మనిషి 1907లో చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా ఎంచుకున్నది మాత్రం వాల్టర్ క్యాంప్‌బెల్ అనే న్యాయవాదిని. తర్వాతి కాలంలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏను 1944 వరకు నడిపించిన వ్యక్తి కూడా ఈయనే.

న్యాయవాది అవసరం ఏమిటో కేసులు చూస్తే తెలుస్తుంది. నైట్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచిన 625 బస్తాల గోధుమ పిండిని ప్రభుత్వం జప్తు చేసింది. అందులో విషపదార్థం కలిసిందని చూపితే చాలు, ఎంత కలిసిందన్నది అనవసరమన్న వాదనను సుప్రీంకోర్టు 1914లో అంగీకరించలేదు. ఆ పిండి ఆరోగ్యానికి హాని చేసే అవకాశం ఉందని నిరూపించవలసిన భారం ప్రభుత్వానిదేనని తేల్చింది.

1924 నాటి వెనిగర్ కేసు దీనికి పూర్తిగా భిన్నమైనది. అప్పట్లో జప్తు చేసిన సరుకునే ప్రతివాదిగా చూపేవారు కనుక, ఆ కేసులో ప్రతివాదులు 95 పీపాలు! ఎండబెట్టిన ఆపిల్ ముక్కలను నీటిలో నానబెట్టి, పిండిన రసంతో ఆ వెనిగర్ తయారుచేశారు. లేబుల్ మీద మాత్రం ఎంపిక చేసిన ఆపిల్ పండ్లతో చేసిన సైడర్ వెనిగర్ అని రాశారు. అందులో హానికరమైనది ఏదీ లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. అయినా, సరుకు నాసిరకమని చూపనక్కరలేదని, కొనేవారిని తప్పుదోవ పట్టించేలా లేబుల్ ఉంటే అదే నేరమని సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన తీర్పునిచ్చింది. ప్రయోగశాల నివేదిక ఒక్కదానితోనే గెలవగలిగే కేసు కాదిది. తయారీ విధానాన్ని ఆరా తీసి, లేబుల్‌లోని ప్రతి మాటనూ దానితో సరిపోల్చి చూడగలిగినవారికే ఇటువంటివి పట్టుబడతాయి.

మన 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోనూ సరుకులోని లోపం, లేబుల్‌లోని మోసం అనే ఈ రెండు దారులు వేరువేరుగానే ఉన్నాయి. నాసిరకం సరుకు అమ్మితే 5 లక్షల రూపాయల వరకు, తప్పుడు లేబుల్‌తో అమ్మితే 3 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఇక నాన్నగారు చెప్పిన సీసాల విషయానికొస్తే, నమూనాను నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్కదానికీ సీలు వేసి, అమ్మకందారు సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవాలి. ఆయన నిరాకరిస్తే సాక్షులను పిలిచి వారి సంతకాలు తీసుకోవాలి. ఒక భాగం నమూనాను పరీక్షించే ఫుడ్ ఎనలిస్టుకు, రెండు భాగాలు పై అధికారి అయిన డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు వెళ్తాయి. నాలుగోదాన్ని అమ్మకందారు కోరితే గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపాలి. ఇందులో ఏ చిన్న లోపం దొరికినా ఎదుటి పక్షం వకీలు దాన్నే పట్టుకుంటాడు. సీసాలు పట్టుకుని తిరగడం నిజమే, కానీ అది అంత తేలికైన పని కాదని నాన్నగారికి వివరించండి.

ఎమ్మెస్సీలో వీలైతే ఎనలిటికల్ కెమిస్ట్రీ తీసుకుని, 2006 చట్టాన్నీ 2020 నాటి లేబులింగ్ నిబంధనలనూ మూలప్రతుల నుంచే చదవండి. లా డిగ్రీ చేయదలచుకుంటే ఉద్యోగం వచ్చాక ఆలోచించవచ్చు. పోస్టుల నోటిఫికేషన్లు ఏటా రావు కనుక, పీజీ పూర్తయ్యాక ఖాళీగా ఎదురుచూడకుండా ఆహార పరీక్షల ల్యాబ్‌లో చేరడం మంచిది. అక్కడ మూడేళ్ల అనుభవం వస్తే మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్వహించే ఫుడ్ ఎనలిస్ట్ పరీక్షకూ అర్హత లభిస్తుంది.