అటక మీదికి ఏదీ ఎక్కనివ్వకండి

"ఇంట్లో సామాను తగ్గించుకుని, ఏది అవసరమో తెలుసుకుని బతకడానికి తేలికైన అలవాట్లు చెప్పండి" అని అడిగారు. నాకు తెలిసి ముఖ్యమైనది ఒక్కటే. ఇంట్లో పెద్దవాళ్ల చేతికి అందని ఎత్తులో ఏ వస్తువూ పెట్టకండి. బీరువాలు సర్దడం, డబ్బాలకి చీటీలు అంటించడం తర్వాత చూసుకోవచ్చు.

మాది ఒడిశాలోని బరంపురం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మాకు దగ్గర్లోనే, గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు. మా వెనకగది రేకులు లేచిపోయి అటకంతా తడిసింది. తెల్లారేసరికి కరెంటు లేదు, కుళాయి రావడం లేదు. మా ఆయన నిచ్చెనెక్కి ఒక్కొక్కటీ అందిస్తుంటే అత్తయ్యా నేనూ వరండాలో పరిచాం. టీవీ వచ్చిన అట్టపెట్టె థర్మోకోల్‌తో సహా ఉంది. మూత లేని కుక్కరు, కాలు విరిగిన పీట, పేరంటాల్లో పెట్టిన జాకెట్టు ముక్కలు. వాటి వెనకాల కట్టలు కట్టలుగా కొత్త దుప్పట్లు, చుట్టాలొస్తే పనికొస్తాయని దాచినవి. ఒకదాని రంగు ఒకదానికి అంటుకుపోయి, ఎలకలు కొట్టేసి ఉన్నాయి.

ఆ పూటే, ఇల్లు కూలిపోయి బడిలో తలదాచుకున్న ఒకావిడ పిల్లలకి కప్పడానికి ఏమైనా ఉందా అని వచ్చింది. అన్ని దుప్పట్లున్న ఇంట్లో పొడిగా ఉన్నవి మేం కప్పుకునేవే. అవే ఇచ్చాం. ఆవిడ వెళ్లాక అత్తయ్య, "అమ్మాయ్, ఇకమీదట నా చెయ్యి అందని చోట ఏమీ పెట్టొద్దు" అన్నారు.

అటక అప్పట్నుంచీ ఖాళీగానే ఉంది. చెయ్యందే చోటు తక్కువ కాబట్టి, కొత్తది కొనాలంటే ఏది బయటికెళ్లాలో ముందే తేల్చుకోవాలి. చాలాసార్లు అక్కడే కొనాలన్న కోరిక చల్లారిపోతుంది. మిగిలిపోయినవి పాడవకముందే, కట్టుకునేలా, వండుకునేలా ఉన్నప్పుడే ఇచ్చేయాలి. చిరిగాక ఇవ్వడం దానం కాదు.

పాతవి వదిలించుకోవడానికి మనకి భోగి ఉంది కదా అంటారు. ఇప్పుడు భోగిమంటల్లో టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు, ఆ పొగ పసిపిల్లలు పీలుస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోతుంది. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే పద్ధతీ నాకు నచ్చదు. చీరలు పోయి గిన్నెలొస్తాయి, ఇంట్లో బరువు మాత్రం తగ్గదు.

అసలు మన ఇళ్లు నిండేది మనం కొన్నవాటితో కాదు, ఫంక్షన్లలో చేతిలో పెట్టినవాటితో. గృహప్రవేశం తేదీ, దంపతుల పేర్లు చెక్కించిన గిన్నెని ఇంకొకరికి ఎలా ఇస్తాం? జాకెట్టు ముక్కలైతే ఎవరూ కుట్టించుకోరు, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి తిరుగుతూనే ఉంటాయి. పుచ్చుకోవడం మానలేకపోతే కనీసం పెట్టడం మానండి. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వచ్చినవాళ్లందరికీ పసుపు కుంకుమతో పాటు మా ఊరి అప్పడాలు, వడియాలు గుడ్డసంచిలో పెట్టి ఇచ్చాం. వారంలో తినేస్తారు, ఎవరి అటకా నిండదు. దగ్గరి చుట్టాల్లో ఒకరిద్దరు "ఇదేం పెట్టుబడి" అని మొహం మీదే అన్నారు. అననివ్వండి, మా అబ్బాయి ఒడుగుకీ అవే ఇస్తాను.